మోకాలి లోతు మట్టి

ఈ ఇంటికి వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఒక సొంత నర్సరీ, పదునైన కత్తెర, బేరం తెగ్గొట్టే నోరు. ఆయన దగ్గర ఉన్నవి అంతస్తంతస్తుకీ చెట్లున్న పెద్ద మేడ, చనిపోయిన మొదటి భార్య బట్టల బీరువా. వచ్చిన రోజే అత్తగారు ఆమె స్వెట్టరు నాకు తొడిగించి, "అతికినట్టు సరిపోయిందే," అంది. పోయిన సరుకు చోట కొత్త సరుకు. నాకు తెలిసిన వ్యాపారమే కదా అని ఊరుకున్నాను.

ఆ మేడ ప్లాను గీసింది ఆయనే. మేముండేదీ అందులోనే, పై అంతస్తులో. కింద నుంచి చూస్తే అడవి లేచి నిలబడ్డట్టుంటుంది. బాల్కనీ తొట్టెల్లో మట్టి మాత్రం మోకాలి లోతే. బరువు తగ్గితే ఇంకో అంతస్తు లేస్తుందని ఆయన లెక్క. ఇంత ఎత్తున గాలికి చెట్టు నిలవాలంటే నడుం లోతు మట్టి ఉండాలన్నాను.

"గీయడం నా పని. నీళ్లు పొయ్యడం నీ పని."

చెట్లు చచ్చేవి. ఎండినదాన్ని తెల్లారకముందే సామాన్ల లిఫ్టులో దింపి, అదే ఎత్తుది, అదే గుబురుది నర్సరీ నుంచి తెచ్చి నిలబెట్టేదాన్ని. డబ్బడిగితే, ఇంట్లో మనిషికి కూలేమిటని ఆయన నవ్వేవాడు. "మీ ఆయన చేతిచలవండీ, ఒక్క చెట్టూ వాడదు," అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్లు.

గాలి వీస్తే మా తొట్టెలో ఏదో గీరుకుంటున్న చప్పుడు. ఆ చెట్టూ ఎండింది. పెకలిస్తే, వేళ్లు తొట్టె గోడల వెంట చుట్టుకుని చుట్టుకుని పలకల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి నడుమ ఒక తలపిన్ను. నాది కాదు.

అత్తగారు దాన్ని తీసుకుని కొంగుతో మట్టి తుడిచింది. "ఇది పోయిన ఆ పిల్లది. తనూ నీలాగే అనేది, మట్టి చాలదని. అంటూనే చెట్లు మార్చేది."

సాయంత్రం ఆయన వచ్చాడు. "రేపు నేను గీస్తున్న రెండో మేడ బిల్డరు మనింటికొస్తోంది. పొద్దున్నే దీన్ని మార్చెయ్. ఆ తొట్టెలూ ఇదే కొలత."

ఎండిన చెట్టునే మళ్లీ తొట్టెలో నిలబెట్టాను.

బిల్డరమ్మ కొమ్మ విరిచి చూసింది. "ఇదేంటి, చచ్చిపోయిందే?"

"మావిడ నీళ్లు మర్చిపోయుంటుంది," అన్నాడు ఆయన.

"పోశానండీ. ఈ చోట ఇది మూడోది. మిగతా ఎండినవి నర్సరీలో ఉన్నాయి, చూద్దురుగాని రండి."

"ఐదోది," అంది తలుపు వెనక నుంచి అత్తగారు. "ఆ పిల్ల మార్చినవి రెండున్నాయి."

రెండో మేడకి ఒక అంతస్తు తగ్గింది. మట్టి నడుం దాకా వచ్చింది. స్వెట్టరు మడిచి బీరువాలో పెట్టి, నేను నర్సరీ గదికి మారిపోయాను. తెచ్చుకున్నవన్నీ నా చేతిలోనే ఉన్నాయి. అదనంగా వచ్చింది ఆ పిన్ను. జుట్టు ముడికి అదే పెట్టుకుంటున్నాను.

నిన్న ఆయన ఫోన్ చేశాడు. "తొట్టె ఖాళీగా ఉంది. ఏదో ఒకటి పంపించు."

"ఆ చోటికి సరిపోయేది నా దగ్గర లేదండీ," అన్నాను.