పేరుకు ముందు మూడు దెబ్బలు

మైకు గొట్టంలో పిచ్చుక పేర్చిన గడ్డిని భద్రయ్య రెండు వేళ్ళతో బయటికి లాగాడు. గుడ్లు లేవని చూసుకుని గడ్డిని రుమాలులో మూట కట్టాడు. నిచ్చెన మూడో మెట్టు విరిగి రెండేళ్ళయింది. బాగు చేయించాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ఆ మెట్టు దాటి కాలు వేయడం అతని అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు నేర్చుకున్నాయి. సన్నటి మనిషి. కుడి బొటనవేలి మొదట్లో కాయ కాచి ఉంది. నలభై ఏళ్ళు డప్పు పుల్ల పట్టిన గుర్తు అది.

బాన్సువాడలో ఎవరు పోయినా, ఏ ఎద్దు తప్పిపోయినా ఒకప్పుడు అతనే వీధి వీధి తిరిగి చాటేవాడు. రెండు వేల ఆరులో ముస్తఫా మైక్ సెట్ దుకాణానికి కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు ముస్తఫా కూతురు ఆసిమా మాట రికార్డు చేస్తుంది. స్తంభాల మీది నాలుగు మైకులు పావుగంటకోసారి దాన్ని చెబుతాయి. కాలువ కింద మళ్ళ దాకా వినిపిస్తుంది. భద్రయ్య మైకులు తుడుస్తాడు, వైర్లు కడతాడు. చాటింపులో మాటల వరుస మాత్రం అతనిదే తీసుకున్నారు. ముందు పేరు, తర్వాత సంగతి. డప్పు అక్కర్లేదన్నారు.

ఏడాదిగా ఆ కంప్యూటరుకు ఒక జబ్బు. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలుపెడితే మైకులు టప్పుమంటాయి. ఆ టప్పులో మొదటి మాట పోతుంది.

మొన్నటి వానాకాలం నాట్లప్పుడు భద్రయ్య భార్య సాయవ్వ పోయింది. "టప్... గారు ఈ రోజు కాలం చేశారు" అని నాలుగు మైకులూ చెప్పాయి. ఎవరో పెద్దింటివాళ్ళు అనుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆమె పక్కన నిలబడి నాట్లేసిన ఆడవాళ్ళు ఆ రోజు కూడా వంగిన నడుము ఎత్తలేదు. పాడె వెంట తొమ్మిది మంది నడిచారు. పదో రోజున వచ్చి వాళ్ళు భద్రయ్యనే తిట్టారు.

"ఊరందరి పేర్లు సాటినోనివి. నీ పెండ్లాం పేరు సాటనీకి నోరు రాలేదా?" అంది గంగమణి.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. మరిచిపోనూ లేదు.

ఈ రోజు ఆ గంగమణే పోయింది. కొడుకు కృష్ణ దుకాణం మెట్లెక్కి, "నాలుగింటికి ఎత్తుతం" అని చెప్పి వెళ్ళిపోయాడు. భద్రయ్య నిచ్చెన దిగాడు.

"బిడ్డా, ఆమె పేరు పోవద్దు."

"పోదు తాతా. నిజామాబాద్ మెకానిక్‌ను ఫోన్ల అడిగిన. జరసేపు సప్పుడు లేకుంటే గీ సౌండు తనంతట తనే పండుకుంటదట. కరెంటు మిగిలిచ్చనీకి."

"ఎంత మిగిలిస్తదట?"

"ఏమో."

"మనిషి పేరంత."

ఆసిమా కంప్యూటరు ముందుకు జరిగింది. మెకానిక్ చెప్పిన చోటికి వెళ్ళి, కరెంటు ఆదా అన్న గడిలోని టిక్కు తీసేసింది. బల్ల మీది చిన్న స్పీకరులో రికార్డు పెట్టి చూసింది. గంగమణి పేరు నిండుగా వచ్చింది. భద్రయ్య బీడీ ముట్టించాడు. బీడీ సగం కాలకముందే కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ టప్పు. చూస్తే టిక్కు తిరిగి గడిలో కూర్చుని ఉంది.

మెకానిక్‌కు మళ్ళీ ఫోన్ చేసింది. సౌండు నడిపించే డ్రైవరు ప్రోగ్రాం పాతది, దాన్నే మార్చాలి, సీడీ రేపటి బస్సులో పంపుతానన్నాడు.

"రేపా? రేపటికి బూడిదే ఉంటది" అన్నాడు భద్రయ్య.

లోపలి నుంచి ముస్తఫా వచ్చాడు. "ఫికర్ జెయ్యకు భద్రన్నా. పేరు రెండుసార్లు చెప్పిద్దాం. ఒకటి పోయినా ఒకటి మిగుల్తది."

"సచ్చినామె పేరు కొరికి ఉమ్మి, మళ్ళ పిలుద్దమా సేటు?"

 భద్రయ్య వేలితో కంప్యూటరును చూపించాడు.

"పండుకున్నోనికి సంగతి జెప్తరా ఎవరన్న? ముందుగాల లేపాలె."

ఇంటికి వెళ్ళి తలుపు వెనక మేకుకు వేలాడుతున్న డప్పు తెచ్చాడు. దుకాణం వెనక రుమాలు విప్పి, పిచ్చుక గడ్డికి అగ్గిపుల్ల గీశాడు. నాలుగు అట్టముక్కలు వేసి డప్పు కాచాడు. తోలు బిగిసింది. ఆసిమా మైకు ముందు నిలబడి మూడు దెబ్బలు వేశాడు. ఆమె వాటిని పేరుకు ముందు అతికించింది.

మొదటి దెబ్బను టప్పు మింగింది. రెండోది బజారులోకి వెళ్ళింది. మూడోదానికి చాయ్ హోటల్ ముందు మాటలు ఆగాయి. కాలువ కింద యాసంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుము ఎత్తారు. అప్పుడు వచ్చింది పేరు. గంగమణి.

నాలుగింటికి ఆ ఇంటి ముందు సందు పట్టలేదు. నారు గట్టున పడేసి, కాళ్ళ బురదతోనే వచ్చారు. భద్రయ్య వెనక నిలబడి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూటి దగ్గర ఆపేశాడు.

పొద్దుగూకే వేళకు దుకాణానికి తిరిగి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సాయవ్వది ఉన్నదా, తుడిచేసినవా?"

"ఉన్నది తాతా."

"దాని ముంగట గూడ అతికియ్యి. బజారుకొద్దు. గీ చిన్న డబ్బాలనే. మెల్లగ."

ఆసిమా అతికించింది. బల్ల మీది చిన్న స్పీకరు టప్పుమని, రెండు దెబ్బలు కొట్టి, "సాయవ్వ గారు" అంది. భద్రయ్య గోడ వైపు తిరిగి విన్నాడు. మళ్ళీ పెట్టమనలేదు.

"డప్పు మరిచినవ్ తాతా" అంది ఆసిమా, అతను మెట్లు దిగుతుంటే.

"ఉండనీ. పొద్దుగాల వట్టుకపోత."

పొద్దున అతను లేవలేదు. పొరుగింటామె పిలిచి పిలిచి తలుపు నెట్టింది.

పది గంటల బస్సులో సీడీ వచ్చింది. ఆసిమా కళ్ళు తుడుచుకుంటూ కొత్త డ్రైవరు వేసింది. జబ్బు పోయింది. ఇక టప్పు లేదు. ఏ మాటా పోదు. అయినా భద్రయ్య చావు చాటింపులో పేరుకు ముందు ఆమె ఆ దెబ్బలు అతికించింది. ఆ రోజు బజారుకు మూడూ వినిపించాయి.

కంప్యూటరు పక్కన గోడకు ఆనించిన డప్పు తోలు చల్లబడి వదులైంది. అంచుకు పిచ్చుక గడ్డి మసి ఇంకా అంటుకునే ఉంది.