లంకకు పోని రవిక గుడ్డ

హిందూపురం నుంచి పట్టు తెప్పించాలి. మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. జరీ కండెలు చుట్టాలి. పన్నెండు రోజుల్లో చీర నేసి, మగ్గం నుంచి కోసి ఇవ్వాలి. ఇవన్నీ ధర్మవరంలో మగ్గాలకు పని ఇచ్చే దినేష్ చెప్పినవి. ఇంకొక్కటి మాత్రం, ఆ చీర నేసే జయమ్మ తనకు తానే పెట్టుకుంది. మల్లప్ప పేరు ఆ చీరలో పంపాలి.

మన మంత్రి ఒకాయన శ్రీలంకకు పోతున్నాడు. అక్కడి పెద్దాయన భార్యకు పట్టుచీర కానుక.

"నీ చేతి చీరే పోవల్లత్తా," అన్నాడు దినేష్. ఆ దేశం పేరు వినగానే జయమ్మ సరేనంది.

మల్లప్ప ఆమె భర్త. పెనుకొండలో రైలెక్కి పోయిన సిపాయి. ఎనభై ఏడులో శాంతి నిలపాలని మన సైన్యాన్ని ఆ ద్వీపానికి పంపినప్పుడు ఆయనా పోయాడు. ట్రంకు పెట్టె తిరిగొచ్చింది, మనిషి రాలేదు. శవాన్ని అక్కడ ఏ చోట దహనం చేశారని అడిగితే, అడిగిన ప్రతిచోటా అర్జీ తీసుకున్నారు, అంతే.

జయమ్మకు రాయడం వచ్చింది ఒక్కటే మాట, ఆయన ఉత్తరాల అడుగున ఉండే సంతకం. చీర చివరి రవిక గుడ్డలో, బుట్టాల మధ్య, దాన్ని జరీతో నేసింది. ఆయన కాలిన నేలకు పేరైనా చేరుతుందని.

మడత పెడుతూ దినేష్ చూశాడు.

"ఏందత్తా ఇది?"

"మీ మామ పేరబ్బా."

"కొంప ముంచినావు గదత్తా! ఇప్పుడు ఆ దేశంతో మంచిగా ఉండల్లని చూస్తాండారు. మన సిపాయిల మాటెత్తితే ఆడ ఇప్పటికీ మండుతాది. పాతవి లేపుతావా?"

"నేనేం లేపినా? సచ్చినోని పేరే గదా. ఈడ ఎవరికీ పట్టల్యా, ఆడికన్నా పోనీ."

"పోగులు పీకేస్తా."

"పీకితే పట్టు చీలతాది. నీకు తెల్దా?"

తెలుసు. అందుకే కత్తెర తీశాడు.

"రవిక ల్యాకుండా కానుక ఎట్లిస్తారబ్బా?"

"వాళ్ళ కట్టు వేరేలే అత్తా. నువ్వు కుట్టించుకో." కోసిన గుడ్డ ఆమె ఒళ్ళో పెట్టి, చీర తీసుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత టీవీలో చూపించారు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ నవ్వారు. ఎన్నటికీ చెడని స్నేహం అన్నారు. చీరను చూపించింది రెండు క్షణాలే. జయమ్మ టీవీ ఆపి, ఆ గుడ్డను ట్రంకు పెట్టెలో దాచి, మగ్గం ముందు కూర్చుని కొత్త పడుగు అతకడం మొదలుపెట్టింది. ఈ చీర ఎవరికని అడగలేదు.

మీ ఇంట్లో ధర్మవరం చీర ఉంటే, కట్టుకునేటప్పుడు ఒక్కసారి మల్లప్పను తలచుకోండి. ఆయన పెనుకొండ మనిషి.