మన ఊర్ల బండి ఆపకు

రోజూ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు రత్నమాల చెంబుడు నీళ్ళతో వాకిట్లోకి వెళ్ళి కారు బానెట్ ఎత్తుతుంది. రేడియేటర్‌లో నీళ్ళు మళ్ళీ తగ్గి ఉంటాయి. నిన్న పోసినవి ఎటు పోయాయో తెలియదు. కింద ఒక్క చుక్క కారిన జాడ కూడా ఉండదు. ఒకరోజు ఇదే మాట భర్త మహేందర్‌తో అంటే పేపర్లోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“నీళ్ళెటు పోతయ్? నువ్వే సరిగ పోస్తలేవు.”

వెనక నుంచి తెల్లటి పొగ కూడా వస్తోందని చెప్పింది. “చలికాలం పొగ రాదా? ఇంజన్ సంగతి నీకేం తెల్సు” అన్నాడు. కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పే భార్యకు ఇంజన్ మీద అనుమానం రావడం కూడా ఆయన లెక్కలో తప్పే.

ఆ పాత కారును రత్నమాల, రిటైరైన తోటి లెక్చరర్ దగ్గర ఇంట్లో వద్దన్నా కొనుక్కుంది. కోరుట్ల నుంచి సిరిసిల్ల కాలేజీకి అందులోనే వెళ్ళి వస్తుంది. ఇంట్లో మనుషులకు కొదవ లేదు, మాటలకే కరువు. కూతురు మౌనిక హైదరాబాద్ హాస్టల్లో, అత్తగారు టీవీ ముందు, మహేందర్ ఫోన్లో. కారు తలుపు వేసుకున్నాకే రత్నమాల నోరు పెగులుతుంది. పొద్దున మింగేసిన జవాబులన్నీ దారి పొడవునా పైకి అనేస్తుంది. ఒక్కోసారి తన మాటకు తనే నవ్వుకుంటుంది. ఎదురు బండ్లవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ, రోజు మొత్తంలో ఆమె మనసారా మాట్లాడేది ఆ కాస్త సేపే.

ఆ దారిలోనే అత్తగారి ఊరు వస్తుంది. అక్కడ వాళ్ళ దొరతనం పోయి ఎన్నో ఏళ్ళైనా దొరల ఇల్లు అనే పేరు మాత్రం మిగిలింది. కారు కొన్న రోజే అత్తగారు షరతు పెట్టింది. “మన ఊర్ల బండి ఆపకు. అద్దాలు ఎక్కిచ్చుకొని వచ్చెయ్. మనింటి ఆడోళ్ళు రోడ్డు మీద నిలబడితె నలుగురు ఏమనుకుంటరు?” మహేందర్ అదే మాటను వీలు దొరికినప్పుడల్లా గుర్తుచేసేవాడు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తిరిగొస్తుంటే, సరిగ్గా ఆ ఊరి పొలిమేరలో వేడి చూపించే సూది పైకి లేచింది. వెంటనే ఆపాలని ఆమెకు తెలుసు. బజార్లోకి రాగానే హోటల్ ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. కాలు బ్రేక్ దాకా పోయి ఆగిపోయింది. అద్దాలు ఎక్కించుకుని, సూది ఎర్రగీత దాటుతున్నా ఊరు దాటించింది. తర్వాత ఇంజన్ టకటక కొట్టుకుని, గుప్పున పొగ చిమ్మి, చేల మధ్య ఆగిపోయింది. మనిషన్నవాడు కనిపించని చోట ఎంతసేపైనా నిలబడవచ్చు, పరువుకు ఏ నష్టమూ లేదు. నిలబడింది.

బండిని కోరుట్ల షెడ్డుకు లాగించుకొచ్చాక మెకానిక్ లింగన్న ఆయిల్ మూత తీశాడు. లోపల ఆయిల్ నీళ్ళు కలిసి పాల చాయ్ రంగులో ఉంది. పక్కన ఆమె నిలబడి ఉండగానే మహేందర్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

“సార్, హెడ్ గ్యాస్కెట్ పోయింది, నీళ్ళు ఇంజన్ లోపలికి పోతున్నయ్. ఇంజన్ ఇప్పాలె.”

“ఆమెకు నడపరాదని ఎప్పట్నుంచో చెప్తున్న లింగన్నా. ఇప్పకు, తుక్కుకు ఇచ్చేద్దాం. నా కారు డ్రైవర్ దింపుతడు. లేకుంటె ఇంట్ల ఉంటది, నౌకరి చెయ్యకుంటె గడువదా?”

లింగన్న ఆమె వైపు తిరిగాడు. “సూది మీదికి పోతుంటె ఆపాలె గద మేడం? చూసుకోలేదా?”

“చూసిన.”

“మరి?”

“ఆపద్దన్నరు.”

లింగన్న తడబడి, “సార్, ఏం చెయ్యమంటరు?” అని మళ్ళీ ఫోన్‌నే అడిగాడు.

“బండి నాది. ఇప్పు లింగన్నా” అంది రత్నమాల.

ఆ పని అయ్యేదాకా సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చి, ఇంటికి వెళ్ళేముందు షెడ్డులో స్టూల్ మీద కూర్చునేది. ఇంట్లో ఎవరూ ఎక్కడికని అడగలేదు. వేడికి వంగిన హెడ్‌ను, అంటే ఇంజన్ పై భాగాన్ని, లింగన్న జగిత్యాల లేత్ మిషన్ షాపుకు పంపి చదును చేయించాడు. హెడ్ కింద పరిచే పల్చటి రేకు, ఆ పాత గ్యాస్కెట్‌ను ఆమె చేతికిచ్చాడు. రెండు పెద్ద రంధ్రాల మధ్య గోరంత మేర కాలి తెగిపోయింది. దాని మీద వేలు పెట్టగానే ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ళు ఆపొద్దన్నారు, నిజమే. కానీ బ్రేక్ తొక్కని కాలు తనది. తన సొంతమైన ఒక్క చోటునూ పరువు కోసం తన చేతులతోనే తగలబెట్టుకుంది. షెడ్డులో ఎవరూ చూడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కొత్త గ్యాస్కెట్ పరిచి, హెడ్ పెట్టి, లింగన్న నడుమ బోల్టుల నుంచి చివర్లకు కొద్దికొద్దిగా బిగించుకుంటూ వచ్చాడు. బండి స్టార్ట్ అయ్యింది, పొగ లేదు. జాగ్రత్తలు చెప్పడానికి మళ్ళీ మహేందర్‌కే ఫోన్ తీశాడు.

“నడిపేది నేను లింగన్నా. నాకు చెప్పు.”

అతను సిగ్గుపడ్డాడు. “అలవాటైంది మేడం. కొన్ని రోజులు దారి నడుమ బండి ఆపి సల్లార్చుండ్రి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యద్దు.”

మర్నాడు సిరిసిల్లకు బయల్దేరింది. సూది ఉండాల్సిన చోటే ఉంది. అత్తగారి ఊళ్ళో, నడిబజార్లో, హోటల్ ముందే కారు ఆపి, దిగి బానెట్ ఎత్తింది. చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఇన్నేళ్ళుగా ఈ ఊరి కోడలు, ఆ ముఖాల్లో ఒక్కటీ ఆమెకు తెలియదు. కూరగాయల గంపతో పోతున్న ముసలామె ఆగింది.

“కరాబైందా దొరసాని?”

“లేదవ్వా. నీ పేరేంది?”

“నాగవ్వ.” ముసలామె గంప దించి అక్కడే నిలబడింది.

ఇంతలో ఫోన్ మోగింది. వార్త అప్పుడే కోరుట్ల చేరింది.

“రోడ్డు మీద నిలబడ్డవట!” మహేందర్ అరిచాడు. “మళ్ళ ఆగిపోయిందా? తుక్కుకు ఇద్దామంటె విన్నవా?”

“ఆగిపోలేదు,” అంది రత్నమాల. “నేనే ఆపిన.”