దేవప్ప వేసిన తాళం

దాసమ్మ తన చేత్తో గీసుకున్న చీర అంచు తనకే తెరుచుకోలేదు. ధర్మవరం నేతగాళ్ల సంఘం గదిలో కంప్యూటర్ తెర మీద ఒకటే మాట: గడువు ముగిసింది, దేవప్ప అంగడికి రండి.

పక్కనే నిలబడిన సుమకు ఒళ్లు మండిపోయింది. దేవప్ప తన కంప్యూటర్ అంగడిలో సంఘానికి అమ్మిన ఆ ప్రోగ్రాం రాసింది తనే. పెనుకొండ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, మగ్గం నేసే నాయన కోసం 2001లో రాసింది. తెర మీద అంచు గీస్తే, ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే జాకార్డు అట్టల్లో ఎక్కడెక్కడ రంధ్రాలు కొట్టాలో అది చూపిస్తుంది. సోర్స్ కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో ఒక ఆర్కైవ్‌లో పెట్టేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. రాసినవాళ్ల పేరు చెరపకూడదు, మార్చిన కోడ్ దాచకూడదు, అంతే.

ఆమె నేరుగా అంగడికి పోయింది.

"ఏమప్పా, నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకుండావు. పైగా తాళం ఏసినావు. ఎవురిని అడిగినావు?"

దేవప్ప నవ్వాడు. "నీదని రుజువు యాడుండాదమ్మా? ఆ సైటు మూసేసినారంట కదా. పో, సూసుకోపో."

అది నిజమే. ఆర్కైవ్ మూతపడింది. సుమ కంప్యూటర్ పిడుగుపాటుకు కాలిపోయింది, ఫ్లాపీలు చెడిపోయాయి. ఆ సంగతి సుమ నాయన మాటల్లో దేవప్ప ముందే విన్నాడు. అందుకే ఆ నవ్వు.

ఆ కోపంతోనే సుమ బస్సెక్కి హిందూపురంలో మారప్ప నెట్ సెంటర్‌కి పోయింది. అలాంటి ఆర్కైవ్‌లోని ఫైళ్లను వేరే దేశాల విశ్వవిద్యాలయాలు ఉన్నవి ఉన్నట్టు తమ సర్వర్లలోకి నకలు తీసుకుంటాయి. వాటిని మిర్రర్లంటారు. ఒక్కొక్కటే వెతికింది. కొన్ని పనిచేయడం లేదు. ఒకదాంట్లో ఫోల్డర్ ఉంది గానీ లోపల ఏమీ లేదు. చివరికి జర్మనీ సర్వర్‌లో దొరికింది: ఆమె పేరు, ఆమె వేసిన తేదీ, అక్షరం మారని కోడ్.

సీడీలు చేయించి సంఘం గదికి తెచ్చింది. దేవప్ప చేసిందల్లా గడువు చూసే నాలుగు వరసలు కలపడమే కాబట్టి, అసలు ప్రోగ్రాంలో దాసమ్మ అంచు ఇట్టే తెరుచుకుంది.

కబురు తెలిసి దేవప్ప పరుగున వచ్చాడు. "గమ్మునుండు సుమా. ఇద్దరం కలిసి అమ్ముకుందాం. నీ పేరు గూడా ఏస్తా."

"అమ్మొద్దని నేను యాడా అన్లేదప్పా. ఆయమ్మ గీసిందానికి తాళమేసి, ఆయమ్మనే నీ గడప తొక్కించినావు సూడు, దానికి మండతాండాది నాకి!"

"నా అంచు నేను సూసుకునేదానికి నీ పర్మిషను కావాల్నా?" అని దాసమ్మ కూడా అందుకుంది. గదిలో ఉన్నవాళ్లంతా సీడీల కోసం చేతులు చాపారు.

దేవప్ప తప్పు ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు తాళం మాత్రం తీసేసి, ఒక మూల సుమ పేరు చిన్న అక్షరాల్లో వేశాడు. సుమ కోపం చల్లారలేదు. ఇంకెవరి రుజువూ ఇట్లా మాయం కాకూడదని, కాలేజీలో మూలపడిన కంప్యూటర్ ఒకటి అడిగి తీసుకుని, ఆ జర్మనీ సర్వర్‌లోని ఫైళ్లన్నిటికీ పెనుకొండలో నకలు దించడం మొదలుపెట్టింది.