ఎర్రపొట్టు

గోవిందప్ప మీద ఆయన చిన్నకోడలు జయంతికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయడు. డెబ్బై రెండేళ్లలో ఒక్కటంటే ఒక్కటి చేయలేదు. పదునాలుగు మంది ఉన్న ఇంట్లో పెద్దాయన తన వంతు తప్పులు తాను చేయకపోతే అవి మిగతా పదముగ్గురికీ పంచాల్సి వస్తుంది కదా. ఆ పంపకంలో జయంతికి ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే పడేది. బర్రె పాలు తగ్గితే పితికిన కోడలి తప్పు. టీవీ ఆగిపోతే చూసిన పిల్లల తప్పు. వాన రాకపోతే మాత్రం, వస్తుందని ఫోన్ చూసి చెప్పిన జయంతి తప్పు.

గోరంట్ల దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో, ఆషాఢం దగ్గరపడిందంటే ఇంటింటా వేరుశనగ విత్తనం ఒలుస్తారు. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, పైనున్న ఎర్రపొట్టు లేచిపోతుంది. పొట్టు పోయిన గింజ సరిగ్గా మొలవదు. అందుకని చేత్తోనే ఒలవాలి. ఇరవై రోజుల పాటు, వంటలూ బర్రెల పనీ అయ్యాక, ఇంటి ఆడవాళ్లు పంచలో కాయల కుప్ప చుట్టూ కూర్చుంటారు. గోవిందప్ప మంచం మీద కూర్చుంటాడు. కష్టపడేవాళ్లను చూడడానికి కూడా ఒకరు కష్టపడాలి.

ఆయన పెట్టిన నియమం ఏమిటంటే, ఒలిచేటప్పుడు అందరూ మాట్లాడుతూనే ఉండాలి. మాట్లాడే నోరు తినదని ఆయన సిద్ధాంతం. ఎవరి గొంతైనా కాసేపు వినబడకపోతే మంచం కోడు మీద కర్ర టకటకమనేది. పెద్దకోడలు మారెక్కకు ఇదొక వరమైంది. తాడిపత్రిలోని పుట్టింటి సంగతులు ఆమె దగ్గర మూటలు మూటలుగా ఉన్నాయి. అత్త లక్ష్మీదేవి అయితే భర్త గురించి యాభై ఏళ్లుగా కడుపులో దాచుకున్నవన్నీ ఆయన ఎదురుగానే చెప్పుకుంది. మాట్లాడమన్నది ఆయనే కాబట్టి ఆపడానికి ఆయనకూ వీల్లేకపోయింది.

జయంతికి మాటలు తక్కువ. ఏడోరోజు ఆమె కోసం కర్ర మోగింది.

“ఏమమ్మా జయంతీ, నోట్లో ఏం పెట్టుకోనుండావు?”

ఏమీ లేదని ఆమె నోరు తెరిచి చూపించింది. ఎనిమిదేళ్ల కాపురంలో మామ ముందు నోరు తెరవడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆమె డిగ్రీలో చదివిన ఎకనామిక్స్ అప్పజెప్పసాగింది. ఏ వస్తువైనా ఒకదాని తర్వాత ఒకటి తింటూ పోతే ప్రతిసారీ రుచి కొంచెం తగ్గుతుందని చదువుకున్నవాళ్లు కనిపెట్టారని చెప్పింది. అట్లా రాసినవాడు ఎప్పుడూ వేరుశనగ గింజలు తిని ఉండడని గోవిందప్ప తేల్చేశాడు. ఆయనకు అంత కచ్చితంగా ఎలా తెలుసో ఎవరూ అడగలేదు.

నిజానికి ఆయన చేసే పని ఒకటుంది. ఒలిచిన ప్రతి గంపనూ పరీక్ష చేస్తాడు. గుప్పెడు గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, ఉఫ్‌మని ఊది, మబ్బులకేసి చూస్తూ నోట్లో వేసుకుంటాడు. విత్తనం ఎండిందో లేదో నమిలితేనే తెలుస్తుందట. రోజుకు ఏడెనిమిది గంపలు. శివరాత్రి ముందర హిందూపురంలో కట్టించుకున్న పళ్లసెట్టు కింద పొట్టు ఇరుక్కుని మండుతుందని ఆ నలపడం. దీన్ని ఇంట్లో ఎవరూ తినడం అనుకోలేదు, ఆయనతో సహా.

నోరు చూపించిన మర్నాటి పొద్దున జయంతి పంచ ఊడుస్తుంటే, మంచం వెనక గోడవారగా ఎర్రపొట్టు చేరి ఉంది. అంతకుముందు వారం రోజులూ ఊడ్చి పారబోసింది దాన్నే. ఆ రోజు పారబోయ బుద్ధి కాలేదు. చీరల షాపు కవరు ఒకటి తెచ్చి అందులోకి ఎత్తుకుంది. అది మొదలు రోజూ ఎత్తుకుంది.

ఇరవయ్యో రోజు సాయంత్రం మంచి వాన కురిసి చేను పదునైంది. విత్తనం కొలిస్తే నాలుగు సేర్లు తక్కువ వచ్చింది. సంచులకు చిల్లుల్లేవు. గోవిందప్ప అందరినీ పిలిచి తీర్పు చెప్పాడు: మాట్లాడకుండా ఒలిచింది ఎవరో ఆమే తినింది. తీర్పు వెనకే శిక్ష కూడా చెప్పాడు.

విత్తే రోజు గొర్రు పైనుండే జడ్డిగంలో, అంటే విత్తనం పోసే కొయ్యగిన్నెలో, మొదటి పిడికెడు ఆ ఇంటి కోడలు పోయాలి. ఇన్నేళ్లూ మారెక్కే పోసింది. ఈ ఏడు జయంతి పోస్తుందని ఉగాదినాడు గోవిందప్పే అన్నాడు. ఇప్పుడు విత్తనం తిన్న చెయ్యి జడ్డిగంలో పెట్టకూడదన్నాడు. సేద్యం చేసే ఊళ్లో విత్తనం తిన్నదన్న పేరు వస్తే అది ఒక మనిషితో పోదు, పిల్లల దాకా నడుస్తుంది. జయంతికి నవ్వు రాలేదు. భర్త గిరి ఓదార్చాడు. నాయన అట్లనే అంటాడు, పట్టించుకోవద్దు అని. పెళ్లైనప్పటి నుంచీ గిరి దగ్గరున్న ఓదార్పు అదొక్కటే. వాడి వాడి అరిగిపోయింది.

మర్నాడు పొద్దున ఇంటిల్లిపాదీ చేనికి పోయారు. పెద్దకొడుకు ఈరప్ప గొర్రు పట్టుకున్నాడు. టెంకాయ కొట్టారు. మారెక్క విత్తనం చేట పట్టుకుని, తోడికోడలి ముఖం చూడలేక ఎద్దుల ముఖం చూస్తోంది. జయంతి సద్దిగంప దించి, కవరు తీసి, ఖాళీ చేటలో కుమ్మరించింది. చేట నిండా ఎర్రపొట్టు. గాలికి ఎగరకుండా కొంగు అడ్డం పెట్టింది.

“మామా, ఇది మన పంచలో దొరికింది. ఎవురు తిన్యారో మీరైతే చూస్తానే చెప్తారని తెచ్చినా,” అంది వినయంగా.

ఆ వినయానికి ఎవరైనా అనుమానపడాలి. గోవిందప్ప పడలేదు. జాడ చదవడంలో తనంతవాడు చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం. చిటికెడు తీసి అరచేతిలో పరిచాడు.

“ఎలుక గాదు, అది పొట్టుతోనే తింటాది. పిల్లోల్లు గాదు, వాల్లకు నలిపే ఓపిక యాడిది? ఇది పండ్లు సరిగా లేనోల్ల పని. కింద ఇరుక్కుంటాదని నలిపి, ఇట్ల ఊదుకోని…”

ఊది చూపించడానికి ముందుకొచ్చిన పెదవులు అట్లాగే ఉండిపోయాయి. గాలికి ఎగిరిన పొట్టు మీసాల మీద వాలింది.

పదముగ్గురూ ఒకేసారి మాటలు ఆపేశారు. కర్ర మాత్రం మోగలేదు.

“మనింట్లో కట్టుడుపండ్లు ఎందరికి ఉండాయి జయంతీ?” అని లక్ష్మీదేవి అడిగింది.

జయంతి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. లెక్క మొదటి వేలి దగ్గరే అయిపోయింది.

పళ్లు కట్టినవాడికి పని రాదన్నాడు గోవిందప్ప. పరీక్ష చేయకుండా విత్తనం ఎవడైనా వేస్తాడా అన్నాడు. ఈరప్ప గొర్రు వదిలి చేతులు కట్టుకున్నాడు. ఎద్దులు కూడా కదల్లేదు. చివరికి ఆయన కర్ర గట్టున పెట్టి, మారెక్క చేతిలోని విత్తనం చేట తీసుకుని జయంతికి ఇచ్చాడు.

“తినింది నేనేమ్మా. నిన్ను అనింది తప్పు,” అన్నాడు నేలకేసి చూస్తూ.

సరిగ్గా వినబడలేదని, ఇంకోసారి చెప్పమని లక్ష్మీదేవి అడిగింది. ఆమె చెవులు బాగానే ఉన్నాయి.

“తప్పు నాదే,” అన్నాడు గోవిందప్ప, ఈసారి పక్క చేనికి కూడా వినబడేలా.