రెండు పట్టీల చెయ్యి

గల్ఫ్‌లో సహం అనే ఊళ్లోని మా కట్టడం సైట్‌కు సురేందర్ వచ్చిన రోజు అందరికంటే ముందు నేనే ఎదురెళ్లాను. అతనిది మా జగిత్యాలే. కొత్త ఫోన్లు, యంత్రాల గురించి తెలుగులో వీడియోలు చేస్తాడు. మా కంపెనీయే విమానం టికెట్ ఇచ్చి పిలిపించిందని తెలుసు. అయినా మనోడే కదా అని మురిసిపోయాను. నాకు బుద్ధి లేదు.

అతను వచ్చింది మా చేతి పట్టీల కోసం. కంపెనీ అందరికీ వాచీలాంటి పట్టీ కట్టింది. ఎంత నడిచామో, ఎంతసేపు ఆగామో అన్నీ ఆఫీసుకు తెలిసిపోతాయి. నీళ్లు తాగడానికి కాస్త ఎక్కువసేపు నిలబడినా అది చేతి మీద గుర్రుమంటుంది. దాన్నిబట్టి రోజూ మార్కులేస్తారు; నెలలో ఐదు రోజులు అవి తగ్గితే ఇంటికి పంపేస్తారు.

మా రూమ్‌లో ఉండే భూమేశ్‌కు అప్పటికి వారంగా నడుము పట్టేసింది. ఇనుప చువ్వలు ఎత్తలేక రేకుల షెడ్డు కింద పడుకునేవాడు. వాడి పట్టీని మేం వంతులవారీగా కట్టుకుని తిరిగేవాళ్లం.

మధ్యాహ్నం సురేందర్ మా పక్కనే కూర్చుని, చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. నా చేతికున్న రెండు పట్టీలు చూసి, "గిదేందే దేవన్నా?" అన్నాడు. భూమేశ్ సంగతంతా చెప్పేశాను.

"బయట పెట్టకు తమ్మీ. ఆని నౌకరి పోతది."

"ఛ, నేను గట్ల జేస్తనా అన్నా!"

నాలుగు రోజులకు వీడియో వచ్చింది. పట్టీ అద్భుతమట. పని పరుగులు పెడుతోందట. మన దేశంలో కంపెనీలు కూడా నేర్చుకోవాలట. చివర్లో "ఒకే ఒక్క లోపం" అంటూ, నాకు తెలియకుండా తీసిన నా చెయ్యి చూపించాడు. ఇలాంటి మోసం జరగకుండా కట్టుకున్నది ఎవరో నాడిని బట్టి పసిగట్టే పట్టీ పెడితే తిరుగుండదని సలహా ఇచ్చాడు. నా ముఖం, నా నంబరు మసక చేశాడు, ఎంత దయో! పట్టీ మీద భూమేశ్ నంబరు మాత్రం స్పష్టంగా కనబడుతోంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

వీడియో కింద అన్నీ మెచ్చుకోళ్లే. పని చేసే మనిషికి నడుమంటూ ఒకటుంటుందని ఒక్కడికీ తోచలేదు. యజమాని ఎంత తెలివైనవాడో చెప్పడానికి ఇంతమందా! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే భూమేశ్‌ను ఆఫీసుకు పిలిచి, వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వంగలేని మనిషికి చెప్పులు నేనే తొడిగి బస్సెక్కించాను. వాడు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

సురేందర్‌కు ఫోన్ చేశాను.

"నీ నోట్ల మన్ను వడ! నమ్మి చెప్తే బతుకు మీద కొడితివి గదరా!"

"నేను టెక్నాలజీ గురించే చెప్పిన అన్నా. కంపెనీలు బాగుంటేనే గదా మనకు నౌకర్లు," అన్నాడు తాపీగా. "మీ కంపెనీ నా సలహా తీసుకున్నది. వచ్చే నెల కొత్త పట్టీలొస్తున్నయ్, నేను మల్ల వస్తున్న. మొదటి పట్టీ కెమెరా ముందల నీకే కడదాం."

"రా బిడ్డా. ఈసారి మా అందరి ముందల భూమేశ్ పేరు చెప్పి కట్టు."

"భూమేశ్ ఎవలన్నా?" అన్నాడు.