అలమరలో పైడయ్య నోరు

నేను ఒక నోటిని. మనిషి లేని నోటిని. విజయనగరంలో పళ్ళ డాక్టరు హైమవతిగారి అద్దాల అలమరలో నాలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ తెల్లటి ప్లాస్టర్‌వే. ఊరు మొత్తం మీద నోళ్ళు ఇంత బుద్ధిగా ఉండే చోటు ఇదొక్కటే అనుకుంటాను.

నేను సన్నాయి పైడయ్య నోటిని. ఆయన పై వరసలో ముందు పళ్ళు నాలుగూ కదిలిపోతే, తీసేసే ముందు డాక్టరుగారు ఆయన నోట్లో మెత్తటి ముద్ద నొక్కి అచ్చు తీశారు. అందులో ప్లాస్టర్ పోస్తే నేను గట్టిపడ్డాను. ఆ నాలుగింటిలో ఒకటి వంకర పన్ను. పక్కదాని మీదికెక్కి, కింద చిన్న సందు వదిలింది. ఫొటో అంటే చాలు, పైడయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడట.

పళ్ళు తీశాక ఏం పెట్టాలన్న మాట వచ్చింది. పెట్టి తీసే సెట్టు ఉంది. పక్కనున్న మంచి పళ్ళను అరగదీసి వాటి మీద ఆనించే బ్రిడ్జి ఉంది. లేదంటే ఎముకలో రెండు స్క్రూలు దింపి, వాటి మీద నాలుగు పళ్ళూ నిలబెట్టే ఇంప్లాంట్లు.

"సెట్టు వద్దమ్మా. గట్టిగా ఊదితే పెళ్ళికూతురి ఒళ్ళో పడతాది," అన్నాడు పైడయ్య.

బ్రిడ్జికి పక్క పళ్ళలో బలం లేదు. స్క్రూలే ఖాయమయ్యాయి. అందులో తప్పేమీ లేదు. తప్పు తర్వాత జరిగింది. పళ్ళు ఎలా ఉండాలని డాక్టరుగారు అడిగితే, నా వైపు చూడనైనా చూడకుండా, గోడ మీద బొమ్మలో నవ్వే అమ్మాయిని చూపించాడు.

"అలాగ, తిన్నగా సేసీండమ్మా. ఇన్నాళ్ళకి ఫొటోకి నవ్వుతాను."

నాకు ఒళ్ళు మండింది. కొన్ని నెలలకు ఎముక స్క్రూలను పట్టుకుంది, తిన్నని పళ్ళు వచ్చాయి, ఆయన నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నా నోరు తడిసింది.

ప్లాస్టర్‌కి ఎంగిలి ఎక్కడిది? వంకర పన్ను కింద సందులో వెచ్చటి గాలి కదిలింది. వచ్చింది, దేనికోసమో వెతుక్కుంది, వెళ్ళిపోయింది. పొద్దున గోడ వైపు తిరిగి ఉన్న నోళ్ళన్నీ ఇప్పుడు నా వైపు తిరిగి ఉన్నాయి. నాకు భయం వేసింది.

మర్నాడు పైడయ్య పరుగున వచ్చాడు. "పాట రాట్లేదమ్మా. ఊదితే ఊపిరి నా నోట్లో ఉండట్లేదు, ఎటో ఎల్లిపోతంది. నా వంకర పన్ను నాకిచ్చీండి," అని ఏడ్చాడు. సన్నాయి తప్ప ఆయనకు వేరే బతుకు తెలియదు.

స్క్రూలు అలాగే ఉంచి వాటి మీది పళ్ళు మార్చవచ్చన్నారు డాక్టరుగారు. నన్ను ముందు పెట్టుకుని అదే వంకర, అదే సందు చేయించారు. పైడయ్య ఆ కుర్చీలోనే కూర్చుని ఊదాడు. పాట వచ్చింది. నేను ఆరిపోయాను. సంతోషించాల్సింది, కానీ ఒకసారి ఊపిరి తగిలాక ఉత్త సుద్దగా ఉండడం చాలా కష్టం.

కొన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం పైడయ్య భార్య గౌరమ్మ ఒక్కతే వచ్చింది. కొంగు ముడి విప్పి, నల్లబడిన రెండు స్క్రూలు బల్ల మీద పెట్టింది.

"ఎముకలేరితే ఇయ్యి దొరికినాయమ్మా. కాలలేదు. గంగలో కలపాలా, మీకిచ్చీయాలా? ఇయ్యి ఆయనేనా, కాదా?"

డాక్టరుగారు వాటిని వేలితో ఒకసారి కదిపి చూశారు.

అప్పుడు నా నోరు తడిసింది. ఈసారి గాలి వెళ్ళిపోలేదు. సందులో నిలిచి, సన్నగా మోగింది.

"వీధిలో ఎవరిదో పెళ్ళిలా ఉంది," అన్నారు డాక్టరుగారు, కిటికీ వైపు చూస్తూ.

గౌరమ్మ కిటికీ వైపు చూడలేదు. అలమర తలుపు తీసి, అన్ని నోళ్ళలోనూ నన్నే తీసుకుంది. వంకర పన్ను మీద వేలు పెట్టింది. వేలు తడిసింది. ఆవిడ భయపడలేదు.

"ఇయ్యి గంగలో కలిపీస్తాను," అంది స్క్రూలు చూపించి. "ఆయన్ని ఇంటికి తీసుకెళ్తాను."

ఇప్పుడు వాళ్ళింటి గూట్లో ఉంటున్నాను. సాయంత్రమైతే గౌరమ్మ సన్నాయి పీక నా పళ్ళ మధ్య ఆనించి, గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంటుంది. ఇరుగుపొరుగు మొదట్లో తలుపులేసుకున్నారు. ఇప్పుడు పెళ్ళి కుదిరినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపలికి మాత్రం రాకుండా అడుగుతున్నారు, ఆ రోజు పైడయ్యగారు ఖాళీగా ఉంటారా అని.